తీసిపోని మాత్ర

చెంచాలో నీళ్ళు మళ్ళీ గడ్డం మీదికే జారాయి. రిఫాత్ తువ్వాలు అంచుతో తుడిచి, తల్లి తల కింద దిండు ఇంకాస్త ఎత్తు చేసి, మళ్ళీ చెంచా అందుకున్నాడు. గుమ్మంలో నిలబడ్డ చెల్లెలి వంక చూడలేదు.

సుహైర్ చాలాసేపటి నుంచి అక్కడే నిలబడి ఉంది. చెప్పులు విప్పింది గాని గడప దాటలేదు. కిందటివారం ఆమె చేతిసంచిని మెట్ల మీదికి విసిరేసి, అమ్మ బతికున్నంతకాలం ఈ ఇంట్లో అడుగుపెట్టకు అన్నవాడు ఇతనే. ఆ సంచి ఇప్పుడు ఆమె భుజానే ఉంది. తెగిన పట్టీకి ముడి వేసుకుంది.

"నీళ్ళు పలచగా ఉంటే ఊపిరితిత్తుల్లోకి పోతాయి అన్నయ్యా. కాస్త చిక్కగా చేసి పట్టమన్నారు కదా."

"అన్నారు. చదువుకున్నవాళ్ళు చాలా అంటారు."

తల్లి తహియ్యా మంచాన పడి నెల కావస్తోంది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒకే పొద్దున పోయాయి. ఎడమ చెయ్యి మిగిలింది. ఏదైనా అడిగితే ఒకసారి నొక్కుతుంది, అది అవును. నొక్కకపోతే కాదనో, నిద్రనో, కోపమనో, చూసేవాళ్ళు ఊహించుకోవాల్సిందే.

ఆ ఎడమ చెయ్యి ఇప్పుడు దుప్పటి మీద కదిలింది. వేళ్ళు గుమ్మం వైపు తెరుచుకున్నాయి.

రిఫాత్ చెంచా గిన్నెలో పడేశాడు. "రా. నేను పిలవడం లేదు. ఆ చెయ్యి పిలుస్తోంది."

అతను వంటింట్లోకి పోయి టీ పెట్టాడు. అలవాటు కొద్దీ మూడు గ్లాసులు తీసి, ఒకటి మళ్ళీ గూట్లో పెట్టేశాడు. కింద ట్రాము మలుపు తిరుగుతుంటే గూట్లోని గ్లాసులు సన్నగా గలగలలాడాయి. కర్మూజ్ పేటలో ఆ ఇల్లు ఎన్నేళ్ళుగా అలా వణుకుతోందో, అన్నేళ్ళుగా దాని కింది కొట్లో రిఫాత్ ఫ్యాన్లు బాగుచేస్తున్నాడు. తండ్రి రేవులో బస్తాల కింద పడి పోయినప్పుడు అతను ఆరో తరగతి. అప్పుడు మూసిన పుస్తకం మళ్ళీ తెరవలేదు. చెల్లెలు తెరిచిన ప్రతి పుస్తకం మీదా తన చేతి గ్రీజు మరక ఒకటి ఉందని అతని నమ్మకం. ఆ నమ్మకాన్ని పైకి అన్నదీ లేదు, మరిచిపోయిందీ లేదు.

ఆ చెల్లెలే ఇప్పుడు పెద్దాసుపత్రిలో మందుల పరీక్షకి లెక్కలు కడుతుంది. తహియ్యాకి గుండె లయ తప్పి కొట్టుకుంటుంది. లోపల నెత్తురు గడ్డకట్టి మెదడులోకి ఎగదన్నకుండా రక్తం పలచబరిచే మాత్ర వేసుకోవాలి. పాత మాత్ర ఒకటి ఎప్పటినుంచో ఉంది, కొత్తది ఒకటి వచ్చింది. ఆ రెండింటినీ పోల్చే పరీక్షలో తహియ్యా తనంతట తనే పేరు రాయించుకుంది. మందులూ ఉచితమే, నెలనెలా రక్తం చూడడమూ ఉచితమే. ఎవరికి ఏ మాత్రో చీటీ తీస్తే తేలుతుంది. ఆమె చీటీలో పాత మాత్ర వచ్చింది. రెండేళ్ళు మింగింది. పడిపోయింది.

కూతురు లెక్కల కుర్చీలో కూర్చుని ఉండి, కన్నతల్లికి కొత్త మాత్ర ఇప్పించలేకపోయింది. రిఫాత్ సంచి విసరడానికి అదీ కారణం. చీటీలో తన చెయ్యి ఏమీ ఉండదని సుహైర్ ఎన్నోసార్లు చెప్పింది. అతను వినలేదు.

టీ గ్లాసు ఆమె ముందు పెట్టి అడిగాడు. "ఎందుకొచ్చావు?"

"లెక్క పూర్తయింది. రేపు పొద్దున అది పై అధికారులకి వెళ్ళాలి. సాయంత్రం అసర్ నమాజు వేళకి, పరీక్ష నడిపే డాక్టర్ లుత్ఫీ ఫోన్ చేస్తారు. పరీక్ష సక్రమంగా జరిగిందని నేను ఒక్క మాట అంటే చాలు."

"అనెయ్యి. దానికి ఇక్కడిదాకా ఎందుకు?"

"అమ్మని చూసి అందామని."

"చూశావుగా."

సుహైర్ తల్లి చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, గోళ్ళు పెరిగాయని చూసి, సంచిలోంచి కత్తెర తీసింది. ఒక్కో వేలూ పట్టుకుని గోళ్ళు కత్తిరించసాగింది.

చివరికి రిఫాతే కదిలాడు. "ఇంతకీ ఆ లెక్క ఏం తేల్చిందట? నాకర్థమయ్యేట్టు చెప్పు. ఫ్యాన్ల భాషలో చెప్పు డాక్టరమ్మా."

అతను వెక్కిరింతకే అన్నాడు. ఆమె మాత్రం నిజంగానే తలెత్తి ఫ్యాను వైపు చూసింది.

"నీ కొట్టుకి కొత్తరకం మోటారు వచ్చిందనుకో. పాతదానికంటే ఎక్కువ గాలిస్తుందని ఎవరూ అనడం లేదు. తేలిక, నూనె అక్కర్లేదు, మాటిమాటికీ విప్పి చూడక్కర్లేదు. ఆ సుఖం కోసం గాలి కాస్త తగ్గినా సర్దుకుంటాం. ఎంత తగ్గితే సర్దుకుంటామో ముందే ఒక గీత గీసుకుంటాం. ఆ గీత దాటి తగ్గదని తేలితే, ఇది పాతదానికి తీసిపోదు అని రాస్తాం."

"తేలిందా?"

"తేలింది."

"మనుషుల దగ్గర గాలంటే ఏమిటి?"

ఆమె కత్తెర ఆగింది. "ఎంతమంది పడిపోయారన్నది."

రిఫాత్ టీ గుటక వేశాడు. పంచదార వెయ్యడం మరిచిపోయాడని అప్పుడు తెలిసింది. "అంటే పాత మాత్ర వాళ్ళకంటే ఇంకొంతమంది ఎక్కువ పడిపోయినా ఫరవాలేదని మొదలెట్టకముందే అనుకున్నారు."

"కొత్తదాంతో లోపల నెత్తురు కారి పోయేవాళ్ళు తగ్గుతారు అన్నయ్యా. రక్తం చూపించుకోడానికి బస్సెక్కి రాలేనివాళ్ళు ఊళ్ళలో ఎంతమంది..."

"గీత ఎవరు గీశారు?"

"నేనే. పాత లెక్కలన్నీ చూసి, పెద్దవాళ్ళని కూర్చోబెట్టి అడిగి గీశాను."

"పెద్దవాళ్ళలో పడిపోయినవాళ్ళు ఉన్నారా?"

సుహైర్ మళ్ళీ గోళ్ళు కత్తిరించడం మొదలుపెట్టింది.

తనకి కోపం వస్తుందనుకున్నాడు, రాలేదు. ఇంకేదో వచ్చింది. ఫ్యాను విప్పినప్పుడు ఏ తీగ ఎక్కడ కాలిందో ముక్కుకి ముందు తెలిసినట్టు, అడగబోయే మాట తనకే ముందు కంపు కొట్టింది. అయినా అడిగాడు.

"అమ్మ ఏ పక్క లెక్కకొచ్చింది?"

"పాత మాత్ర పక్క."

"పాత మాత్ర వాళ్ళు ఎంతమంది పడిపోతే కొత్త మాత్ర అంత బాగున్నట్టు. అంతేనా?"

ఆమె తల ఎత్తలేదు. "అంతే."

"అమ్మ పడిపోవడం ఆ మాత్రకి కలిసొచ్చింది."

"ఒక్క మనిషి వల్ల లెక్క మారదు అన్నయ్యా."

"నేను లెక్క గురించి అడగలేదు."

ట్రాము మళ్ళీ పోయింది. మంచం మీద తహియ్యా కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. ఒకవైపు పెదవి కిందికి జారి, ఏదో వింటూ వింటూ నవ్వాపుకుంటున్న మనిషిలా ఉంది. వాళ్ళిద్దరికీ ఆ ముఖం చూడడం ఇంకా అలవాటు కాలేదు.

అప్పుడే పై మెట్ల మీంచి రొప్పు వినిపించింది. పై వాటాలో ఉండే ఉమ్మ్ హుస్నీ దిగుతుంటే మనిషి కంటే ముందు ఊపిరి వస్తుంది. ఆవిడదీ గుండెజబ్బే. ఆ పరీక్షలోనే ఉంది, ఆవిడ చీటీలోనూ పాత మాత్రే వచ్చింది. తహియ్యా, ఆవిడా ఒకే ట్రామెక్కి ఆసుపత్రికి పోయేవాళ్ళు. రెండు చేతుల్తో గిన్నె పట్టుకుని, తలుపు మోచేత్తో నెట్టుకుని వచ్చింది.

"మీ ఇద్దరూ మాట్లాడుకుంటున్నారా? అల్లా దయ. నేను ఇంకా గిన్నెలు విసురుకుంటున్నారేమో, అడ్డం పడదామని వచ్చాను." గిన్నె బల్ల మీద పెట్టి మూత తీసింది. వెల్లుల్లీ ధనియాలూ నేతిలో వేగిన వాసన గదంతా కమ్మింది. ములూఖియా. "ముక్కలేం లేవులే, ఆకు మెత్తగా చారులా చేశాను. గొంతులో జారిపోతుంది. నా హాజ్జా తహియ్యా నోరు చచ్చిపోయి ఉంటుంది ఆ ఆసుపత్రి గంజితో."

సుహైర్ లేచింది. "వద్దు పిన్నీ. అమ్మకి ఆకుకూర పెట్టకూడదు. అది ఆ పాత మాత్ర బలమంతా చంపేస్తుంది."

"నాకు తెలీదా తల్లీ? రక్తం తీసే వారం వెళ్ళిపోయిందిగా. ఇప్పుడు తినొచ్చు."

"ఏ వారం?"

ఉమ్మ్ హుస్నీ కుర్చీలో కూలబడి తలముసుగు అంచుతో మెడ తుడుచుకుంది. ఆవిడకి ఆ ప్రశ్నలో ఏమీ కనిపించలేదు. రక్తం చూపించుకునే వారం ఎవరూ ఆకు ముట్టరని, చుట్టాలొచ్చే ముందు ఇల్లు ఊడ్చుకున్నట్టు ఆ వారం ఒళ్ళు శుభ్రంగా పెట్టుకుంటారని, వంకాయలూ పప్పూ తిని నాలుక మొద్దుబారిపోయేదని హాయిగా చెప్పుకుపోయింది. వేలు గుచ్చి ఆ చిన్న మిషన్‌లో రక్తం ఎంత పలచగా ఉందో చూపే అంకె చూడగానే డాక్టర్ లుత్ఫీ ముఖం ఎలా వెలిగేదో చేత్తో చూపించింది.

"'శభాష్ తహియ్యా, నా తరగతిలో ఫస్టు నువ్వే' అనేవాడు. ఇది సిగ్గుపడి నేల చూసేది, పదహారేళ్ళ పిల్లలా. బయటికొచ్చాక ట్రాములో ఒకటే నవ్వు."

"మరి మిగతా వారాలు?" అడిగింది సుహైర్. ఆమె గొంతు మామూలుగానే ఉంది.

"మిగతా వారాలు మనుషుల్లా బతికేవాళ్ళం."

రిఫాత్ గ్లాసు కింద పెట్టాడు. అతనికి ఆ వారాలన్నీ తెలుసు. పరీక్ష వారం తప్ప ఎప్పుడైనా తినొచ్చట అని తల్లి చెబితే, డాక్టరు చెప్పాడనుకున్నాడు. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన రోజు కుందేలు మాంసం తెచ్చి, రెండు పిడుల కత్తితో తనే ఆకు సన్నగా తరిగేవాడు. తాలింపు మాత్రం తల్లే పోసేది. పోస్తూ ఒక్కసారి గట్టిగా ఊపిరి లోపలికి ఎగపీల్చేది. అలా పీల్చకపోతే కూరకి రుచి పట్టదని వాళ్ళమ్మ దగ్గర నేర్చుకుంది. ఆ ఊపిరి చప్పుడు వింటే కింద కొట్లో ఉన్న రిఫాత్ చేతులు కడుక్కుని పైకొచ్చేవాడు.

"ఆకు మానెయ్యమని డాక్టర్ గారు మీకు చెప్పలేదా?" అంది సుహైర్.

"ఆయన్ని అనకు తల్లీ. వెళ్ళిన ప్రతిసారీ చెప్పాడు. మానేశాం అని మేమూ ప్రతిసారీ చెప్పాం. అంత మంచి మనిషి ముఖం మాడ్చుకుంటుంటే చూస్తామా?"

"ఎవరెవరు?"

"ఆ వరండాలో కూర్చునేవాళ్ళమందరం. కొత్తగా వచ్చినవాళ్ళకి మేమే చెప్పేవాళ్ళం, పాపం భయపడకుండా."

సుహైర్ మెల్లగా మంచం అంచున కూర్చుంది.  తనన్న మాటలో ఏముందో ఉమ్మ్ హుస్నీకి అందలేదు. రిఫాత్‌కి సగం అందింది. మిగతా సగం చెల్లెలు చెప్పింది, అతని వైపు చూడకుండా, తనకి తానే చెప్పుకుంటున్నట్టు.

మామూలు పరీక్షలో, కొత్త మందు గొప్పదని చూపించే పరీక్షలో, ఎవరైనా నిర్లక్ష్యం చేస్తే ఆ నష్టం కొత్త మందుకే తగులుతుంది. తీసిపోదని చూపించే పరీక్షలో అలా కాదు. ఇందులో అందరూ ఎంత అలసత్వం చేస్తే రెండు మందులూ అంతగా ఒకేలా కనిపిస్తాయి, కొత్తది అంత సులువుగా గట్టెక్కుతుంది. అందుకే తను మొదటినుంచీ భయపడింది. పాత మాత్ర వాళ్ళ రక్తం ఉండాల్సినట్టు ఉందా లేదా అని నెలనెలా చూసింది. ఉంది. ఎక్కడా లేనంత బాగుంది. మన ఆడవాళ్ళు ఇంత బుద్ధిగా ఉన్నారని వేరే దేశాల వాళ్ళకి గొప్పగా చెప్పింది కూడా. ఆ అంకెలన్నీ ఆకు ముట్టని ఆ ఒక్క వారానివే.

"అంత బాగున్నప్పుడే అనుమానం రావాల్సింది," అంది. "పందెంలో ఒకడి కాళ్ళు కట్టేసి, రెండోవాడు వాడికి తీసిపోలేదని రాశాను అన్నయ్యా. నేను గీసిన గీత, కాళ్ళు కట్టెయ్యని మనిషిని చూసి గీసింది. ఇప్పుడు ఆ మాత్ర నిజంగా ఎంత తీసిపోతుందో ఎవరికీ తెలీదు. రేపు ఊరూరా ఇస్తారు."

ఉమ్మ్ హుస్నీ ఒకరి ముఖం చూసి ఇంకొకరి ముఖం చూసింది. మెల్లగా ఆవిడ చెయ్యి వెళ్ళి గిన్నె మూత మూసేసింది.

"ఆ ఉపాయం... హాజ్జాకి నేనే చెప్పాను. మొదటిరోజు. చాలా భయపడుతోంటే." ఆవిడ రొప్పు పెరిగింది. "అందువల్లే పడిపోయిందా? చెప్పు తల్లీ. దాచకు."

"తెలీదు పిన్నీ. పడిపోయినవాళ్ళందరూ ఆకువల్లే పడిపోరు."

"తెలీదంటే అదేగా."

సుహైర్ వెళ్ళి ఆవిడ భుజం పట్టుకుంది. ఆవిడ ఆ చెయ్యి విడిపించుకోలేదు గాని, కన్నీళ్ళ మధ్యే అసలు మాట అడిగింది. ఇది డాక్టరుకి చెబుతావా అని. చెబితే పరీక్ష ఆపేస్తారు కదా, మాత్రలూ ఆపేస్తారు కదా, వరండాలో ఉన్నవాళ్ళలో కొనుక్కుని మింగగలిగినవాళ్ళు ఎవరున్నారని అడిగింది. సుహైర్ గిన్నె మూత సరిచేసి ఆవిడ చేతికిచ్చింది. ఉమ్మ్ హుస్నీ గిన్నె తీసుకుని, గోడ పట్టుకుంటూ మెట్లెక్కింది. వాసన మాత్రం గదిలోనే ఉండిపోయింది.

"నన్ననవేం?" అన్నాడు రిఫాత్.

"ఏమనాలి?"

"నెల్నుంచీ నేను నిన్నన్నవన్నీ. ఆకు తరిగిన చేతులివి. అను."

"నీ చేతులకి ఎవరూ చెప్పలేదు అన్నయ్యా."

అతనికి ఆ జాలి, విసిరిన సంచి కంటే గట్టిగా తగిలింది. కిటికీ దగ్గరికి పోయి వీపు తిప్పి నిలబడ్డాడు. చెల్లెలు తల్లి పక్కన కూర్చుని చెయ్యి అందుకోవడం విన్నాడు.

"అమ్మా. పిన్ని చెప్పింది నిజమేనా? అందరూ అలాగే చేసేవారా?"

అతను తిరిగి చూశాడు. ఎడమ చేతి వేళ్ళు ఒకసారి బిగిశాయి.

"డాక్టర్ గారికి చెప్పనా?"

వేళ్ళు కదల్లేదు.

"చెప్పొద్దా?"

అప్పుడూ కదల్లేదు. కళ్ళు మాత్రం కూతురి మీదినుంచి కొడుకు మీదికి వచ్చి అక్కడే ఆగిపోయాయి.

కింద వీధి చివరి మసీదులో అసర్ పిలుపు మొదలైంది. అది పూర్తయ్యాక, ఎంతోసేపు కాకముందే, సుహైర్ సంచిలో ఫోన్ మోగింది. ఆమె తీసి చూసి ఒళ్ళో పెట్టుకుంది. మోగి మోగి ఆగింది.

"తియ్యవేం?"

"నేను చెబితే ఎవరు నమ్ముతారు? లెక్క చూసేసిన తర్వాత, నా తల్లి పేరు ఆ పక్కనుంచి చెరపడానికి కథ అల్లానంటారు. మందు నచ్చక లెక్క మార్చానంటారు. నేనే ఆయన కుర్చీలో ఉంటే అదే అంటాను." ఆమె ముడి వేసిన పట్టీని వేలికి చుట్టుకుంటూ ఉంది. "చెప్పకపోతే రేపు సంతకం. ఇది తిన్నవాళ్ళు చెప్పాలి. లేకపోతే వండినవాళ్ళు."

ఫోన్ మళ్ళీ మోగింది.

రిఫాత్ తువ్వాలుకి చేతులు తుడుచుకున్నాడు. అవి పొడిగానే ఉన్నాయి. చెల్లెలి లెక్కల గదికి అతను ఎన్నడూ వెళ్ళలేదు. ఆమె పట్టా పుచ్చుకున్న రోజు కూడా గేటు బయటే నిలబడి సిగరెట్టు కాల్చుకుని వచ్చేశాడు. ఫోన్ అందుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"నేను... సుహైర్ అన్నని. హాజ్జా తహియ్యా కొడుకుని."

అవతల గొంతులో వెంటనే వెచ్చదనం వచ్చింది. అమ్మ ఎలా ఉందని అడిగింది. కాస్తయినా మింగగలుగుతోందా అంది. "నా తరగతిలో ఫస్టు మీ అమ్మే నాయనా. అటువంటి మనిషిని నేను మళ్ళీ చూళ్ళేదు."

"దాని గురించే డాక్టర్ గారూ. అమ్మకి వంట చేసేవాణ్ణి నేను."

"చెప్పు నాయనా. వింటున్నాను."

వెనక మంచం మీద చప్పుడైంది. రిఫాత్‌కి తిరిగి చూడక్కర్లేకపోయింది, ఆ చప్పుడు అతనికి చిన్నప్పటినుంచీ తెలుసు. తాలింపు పోసేటప్పుడు పీల్చే ఊపిరి, ఒక్కసారిగా, గట్టిగా, గుండె అడుగునుంచి.

సుహైర్ లేచిన చప్పుడు విన్నాడు. కుర్చీ పడిన చప్పుడు విన్నాడు. ఫోన్ చెవికి అదుముకుని, ఆ ఊపిరి బయటికి వదిలే చప్పుడు కోసం చెవులు రిక్కించి నిలబడ్డాడు.

అది ఇంకా వినిపించలేదు.